కాగితం లేని గాలి

మిర్చి యార్డు పాట నాకు తెలుసు:
బస్తా కోసి, కాయ విరిచి, ఘాటు చూసి ధర చెప్తారు.
గాలిని ఏం విరిచి చూసి పాడుకున్నారో!

ఏడొందల ఇరవై మీద పదకొండేళ్లు
మాటలు పండించాను.
అరండల్‌పేట పెళ్లిళ్లు, కొరిటెపాడు సభలు,
ఏసుపాదం మాస్టారి దుర్యోధనుడు.

మొన్న నాటకంలో
మూడో పాదం మీద రాగం తీస్తుండగా
గొంతులో ఇసుక పోసినట్టు గరగర.
పెదాలు ఆడుతున్నాయి, గద తిరుగుతోంది,
మాట లేదు.
వెనక వరసలో ఈల.

"ఆ మడి ఫోనోళ్లకి రాసిచ్చేశారు కాలేషా బాబాయ్,
నీకు కాగితముందా?" అన్నాడు లైట్ల కుర్రాడు.

కౌలుకి కాగితమేంట్రా.
మా నాయన ఏటుకూరు చేలో ముప్పై ఏళ్లు మిరప వేశాడు,
పాస్‌బుక్కులో ఎప్పుడూ ఇంకొకరి పేరే.
ఆయనకి కనీసం గట్టు కాలికి తగిలేది.
నా పొలానికి సర్వే రాయెక్కడ?

రెండో అంకానికి ఆటోలోంచి పాత తీగ మైకు తెచ్చాను.
రారాజుకి ఒక చేత గద, ఒక చేత మైకు.
ఆయన కాలికి చుట్టుకోకుండా
తీగ పట్టుకుని
నేనూ వంగి వంగి స్టేజీ మీద తిరిగాను.

పద్యం చివరి కుర్చీ దాకా వినపడింది.
దిగాక ఒక ముసలామె అడిగింది:
"శకుని వేషం నువ్వేనా నాయనా?"