చెప్పు

మెస్ కాడ చూసుకుంటే ఒక్క కాలికే చెప్పుంది.
రెండోది ఏడ జారిందో కాలుకు తెల్వదు, నాకూ తెల్వదు.
లింబాద్రి టార్చి పట్టుకొని ఎనకకు పోయి
నీళ్ల ట్యాంకరు పక్కన బోర్లపడ్డదాన్ని తెచ్చిండు.
"నిద్రల నడుస్తున్నవారా?"
నవ్విన. ఇది మూడోసారని చెప్పలే.

సోహార్ల పగటిగచ్చు పెనం లెక్క కాల్తది.
ఎవ్వరూ లేనప్పుడు ఉత్తకాళ్లతోటి నిలబడి చూసిన.
కుడికాలు ఎగిరింది.
ఎడమకాలు పెద్దమనిషి లెక్క ఊకున్నది.

కంపెనీ డాక్టరు మొదలు తాకతు గోళీలిచ్చిండు,
తర్వాత నిద్రగోళీలు, ఆఖరుకు "ఏం లేదు, ఇంటి మీద బెంగ" అన్నడు.
ఇంటి మీద బెంగ ఎడమకాలుకే ఉంటదా సార్?

పెద్దాస్పత్రి. టోకెను నూట పదిహేడు.
సూడాన్ డాక్టరు ఇద్రీస్, తెల్లగడ్డం.
నడుమ లిజి సిస్టర్, కొట్టాయం మనిషి.
ఆయన అరబ్బీ ఆమె నోట్ల హిందీ అయితది,
నా దాకా వచ్చేసరికి సగమైతది.
నొప్పా? కాదు. మంటా? కాదు. మరి?
తిమ్మిరి, అన్న.
ఇద్దరూ నా మొఖం చూసిండ్రు.
పొద్దంత బీడీలు చుట్టి లేచినంక మా అమ్మ
గోడ పట్టుకొని కాలు నేలకు కొట్టుకునేది,
అది. అదే, కాని విడువనిది.
దీన్ని ఏ భాషల పెట్టాలె?
లేచి, కాలు నేలకు కొట్టి చూపెట్టిన.

సిస్టరుకు ఒక్కటే తెలుగుమాట వచ్చు,
పాత రోగి ఎవరో నేర్పి పోయిండట.
"చెప్పు," అన్నది. "చెప్పు, చెప్పు."
గాబరాగ వంగి కాలు దిక్కు చూసుకున్న.
ఉన్నది. జారలే.

రెండు కొమ్ముల ఇనుపముక్క మోగించి
చీలమండ మీద ఆనిచ్చిండు.
కుడిదాంట్ల తేనెటీగ తిరిగింది.
ఎడమదాంట్లకు రాలే.
కళ్లు మూయించి వేలు పట్టుకున్నడు: మీదికా, కిందికా?
నా వేలు సంగతి నేను పందెం కాసినట్టు చెప్పిన.
నిలబడు, అన్నడు, కళ్లు అట్లనే.
పదకొండేండ్లు ముప్పై మీటర్ల ఎత్తుల పైపుల మీద నడిచినోన్ని
ఆస్పత్రి గచ్చు మీద ఊగిన.
తెరిచి చూస్తే, ముట్టకుండ,
రెండు చేతులు నా చుట్టూ చాపి నిలబడ్డడు ముసలాయన.

స్కానింగు ఇరవై రెండో తారీకు.
"ఏమైతుందో ఇంకా తెల్వదు" అన్నడట.
ఇన్నాళ్లు అందరూ ఏం లేదన్నోళ్లే.
తెల్వదు అన్నోడు ఈయనొక్కడే.
ఎందుకో పానం జర నిమ్మళమైంది.

కాగితంల రాసిండు: ఎత్తుల పని వద్దు.
ఫోర్‌మన్‌కు ఇయ్యలే. మడిచి దిండుకింద పెట్టిన.

రాత్రి లింబాద్రి అడగకుండనే
నా ఎడమచెప్పుకు ట్యూబుముక్క పట్టీ కుట్టిండు.
బాత్రూం దాకా నడిచి చూసిన,
టప్, టప్, చెవులతోటి.
కాలు చెప్పకపోతే
చప్పుడన్నా చెప్తది.