ఇరవై బారల వల

విమానంలో దిగినవాళ్లకి ఈ ఒడ్డున చాపలు పరిచేవారు.
నేను లోడ్వార్ నుంచి చేపల లారీ వెనకాల
ఖాళీ పెట్టెల మీద కూచుని వచ్చాను.
సంచిలో ఒక చొక్కా, నల్ల అట్ట పుస్తకం,
వేదపాఠశాల వాళ్లు ముద్ర గుద్ది ఇచ్చిన కాగితం.
దిగీ దిగగానే తుర్కానా సరస్సు గాలి
ముందు ఆ కాగితాన్నే ఎత్తుకుపోయింది.

"ఓసోసి, ఎకాల్ కొడుకు కదూ!
పడవలో పడుకుని పక్క తడిపేవాడు!"
నాకు దక్కిన స్వాగతం అదీ.

నకిరు ముసలమ్మ గుడిసె ముందు వంగాను.
నన్ను భూమ్మీద పడేసిన చేతులు ఆవిడవే,
బొడ్డు కోసిన కత్తి ఇంకా చూరులోనే ఉంది.
"అకుజ్ దగ్గర్నుంచి కబురు తెచ్చానమ్మా" అన్నాను.
నవ్వలేదు. కళ్లు చికిలించి పైకి చూసింది.
"వానా ఆయనే, పైనున్నదీ ఆయనే.
నాకు చిన్నప్పట్నించీ తెలుసు.
నీకెక్కడ కలిశాడు? లోడ్వార్‌లోనా?
ఇక్కడైతే కనపడి రెండేళ్లయింది."
ఆగి, చెయ్యి చాపింది:
"పొగాకుందా?"
లేదు.
ఆ పూటకి సువార్త అక్కడితో సరి.
మర్నాడు పొగాకు పట్టుకెళ్లాను.
బడిలో ఈ పాఠం చెప్పలేదు.

మొదటి ఆదివారం తుమ్మచెట్టు కింద
పదకొండు మంది, ఎవరివో ఆరు మేకలు.
గొంతు సవరించుకుని "పాపం" అన్నాను.
రెండో మాట నా నోట్లోనే ఉంది,
వెనకనుంచి లోమూరియా,
"ఆఁ, వల సంగతి చెప్పు."

చెట్టు చెట్టంతా నవ్వింది.
ఎరగనివాడెవడు?
తొమ్మిదేళ్ల కిందట ఒక వెన్నెల రాత్రి
ఆరేసిన అతని వల కోసి,
ఇరవై బారలు,
నాటుసారాకి అమ్ముకున్నాను.
ఆ ఏడు అతని ఇంట్లో ఎన్ని పూటలు పొయ్యి వెలగలేదో
నకిరుకి లెక్క తెలుసు.
పైవాడు క్షమించాడని నేను లోడ్వార్‌లో సాక్ష్యం చెప్పాను,
చప్పట్లు కొట్టారు.
అక్కడ లోమూరియా లేడు.

పుస్తకం మూసేశాను.

అయిదు నెలలు ఉప్పు చేపల పెట్టెలు మోసి
కలోకోల్ అంగట్లో నైలాను దారం కొన్నాను.
పగలు మోత, రాత్రి ముడి.
దారం వేళ్ల సందుల్లో కోసిన చోట
ఉప్పు తగిలితే అమ్మ గుర్తొచ్చేది.
ఇరవై బారలు అల్లి ఆగాను.
ఎవరి బార? అతని చేతులు నాకన్నా పొడుగు.
ఇంకో రెండు అల్లాను.

పంచాయితీ లేదు, ప్రార్థన లేదు.
అతని పడవ పక్కన ఇసకలో పరిచాను.
లోమూరియా గొంతుక్కూచుని
ఆ చివర్నించి ఈ చివరిదాకా
ప్రతి ముడీ పంటితో పట్టి లాగాడు.
పొద్దు నడినెత్తికెక్కింది.
ఒక్క ముడి జారింది.
నావంక చూడలేదు. విప్పాడు,
తనే మళ్లీ వేసుకున్నాడు.
వల భుజాన పడేసుకుని పోయాడు.

బడి నించి ఉత్తరం వచ్చింది:
ఎన్ని ఆత్మలు? అంకెల్లో రాయవలెను.
గళ్లలో ఏం రాయను?
"వల ఒకటి. ముడి ఒకటి వదులు" అని రాసి
చించేశాను.

నిన్న ఆదివారం వచ్చాడు.
చెట్టు నీడకి ఇవతల, ఎండలోనే,
నాకు వీపు పెట్టి, సరస్సు వైపు తిరిగి,
మోచేతి మీద పొలుసులు గిల్లుకుంటూ.
రాత్రంతా వలేసి
ఉత్త చేతులతో ఒడ్డుకొచ్చిన మనుషుల సంగతి చదివాను.
చదవడం అయ్యాక ఎవరూ కదల్లేదు.
నకిరు పొగాకు ఉమ్మింది.

అప్పుడతను తల తిప్పకుండానే అడిగాడు,
"ఆ రాత్రి గాలి ఎటునించి?"

బడిలో ఎవరూ అడగలేదు. పుస్తకంలో లేదు.
"తెలీదు" అన్నాను.

"ఊఁ" అని,
కొంచెం జరిగి
నీడలోకొచ్చి కూచున్నాడు.