మందం

నా ఉద్యోగం సముద్రాన్ని కొలవడం.
జనవరి వచ్చిందంటే
మా హీయుమా దీవి రేవు నుంచి అవతలి ఒడ్డు దాకా
గడ్డకట్టిన నీటి మీద నడుస్తూ
వంద అడుగులకో రంధ్రం వేస్తాను.
బరమా గిర్రున తిరుగుతుంది,
తెల్లటి పొట్టు బూట్ల మీద రాలుతుంది.
కొక్కెమున్న కర్ర లోపలికి దించి
అడుగంచుకి తగిలించి అంకె చదువుతాను.
ఇరవై రెండు సెంటీమీటర్లుంటే దారి తెరుస్తాం.
ఇరవై ఒకటుంటే తెరవం.
పెళ్లికి వెళ్లాలన్నా, బండిలో శవపేటిక ఉందన్నా తెరవం.

అందుకే నవంబరులో, తల్లిన్ ఆసుపత్రిలో
డాక్టర్ పిహ్లక్ తెర నా వైపు తిప్పి
"అయిదు పాయింట్ తొమ్మిది. కనీసం ఏడు కావాలి" అన్నప్పుడు
నేను ఏడవలేదు.
"సరే, ఈ నెలకి దారి మూసేద్దాం" అన్నాను.
ఆమెకి అర్థం కాలేదు.
అహ్తోకి అర్థమైంది. నా కోటు పట్టుకుని
గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మళ్లీ మొదలు.
పొద్దునో మాత్ర, మధ్యాహ్నమో మాత్ర, రాత్రికో మాత్ర,
పొత్తికడుపు మీద స్టాంపుల్లాంటి పట్టీలు రెండు.
ఎక్కడికో పోస్టు చెయ్యబోయే పార్సిల్లా ఉన్నాను.
మా అత్త హెల్యు సీసాల్లో బీట్‌రూట్ రసం పంపింది,
ఎరుపు ఎరుపుని పిలుస్తుందట.
తాగితే తప్పులేదు, లెక్కలోకి మాత్రం రాదంది నర్సు.
లెక్కలోకి రానివే ఎక్కువ చేశాను.
ఉన్ని మేజోళ్లు రెండు జతలు ఒకదానిమీదొకటి.
సౌనా మానేశాను.
శనివారం సౌనాకి రానివాళ్లు మా దీవిలో
జబ్బైనా పడి ఉండాలి, అప్పైనా పడి ఉండాలి.
ఏదో ఒకటి అనుకోనీ.

ఈ ఏడు చలి సరిగా రాలేదు.
పద్నాలుగు. పదహారు. వాన. పదకొండు.
రంధ్రంలోంచి నల్లటి నీళ్లు పైకుబికి
నా ముఖం నాకే చూపించాయి.
సముద్రం చలికి మందమవుతుంది, నేను వెచ్చదనానికి.
ఒకే శీతకాలాన్ని రెండూ అడిగాను,
అత్యాశేమో.

మాకున్నది ఒక్కటే.
తల్లిన్‌లో, ఉక్కు పీపాలో,
సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీల కింద,
మూడేళ్లుగా దాని వయసు అయిదు రోజులే.
నేను తొలిచిన మంచు ఏదీ అంత గట్టిది కాదు.
దాన్ని కరిగించి ఇంట్లోకి పిలవాలంటే
ముందు పక్క పరిచి ఉండాలి.
పరిచే చేతులు నావి కావు.
నావే అయితే ఎప్పుడో పరిచేదాన్ని.

పన్నెండో రోజు.
"ఏడు పాయింట్ నాలుగు. మూడు గీతలు కనిపిస్తున్నాయా?"
కనిపించాయి. బూడిద రంగులో సన్నగా,
రెండు చక్రాల జాడా, మధ్యలో ఎవరో నడిచిన జాడా.
ఇంకోసారి కొలవమన్నాను.
రంధ్రానికి రెండుసార్లు చూడటం మా పద్ధతి.
ఏడు పాయింట్ మూడు.
"తక్కువదే రాయండి" అన్నాను, "మేం అలాగే రాస్తాం."
పిహ్లక్ నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు. తక్కువదే రాసింది.

ఆ రాత్రి ఎనిమిదింటికి కొత్త మందు మొదలు,
నిమిషం అటూ ఇటూ కాకుండా.
వంటింటి గడియారం అయిదు నిమిషాలు తప్పని
పదేళ్లుగా తెలిసీ ఊరుకున్న అహ్తో
ఆ సాయంత్రం స్టూలెక్కి సరిచేశాడు.

మంచు దారి మీద సీటుబెల్టు పెట్టుకోకూడదు.
పగిలితే దూకెయ్యాలి కదా.
ఎన్ని కార్లని ఆపి బెల్టులు విప్పించానో!
ఈ ఏడు ఆ పని పడలేదు.
రిజిస్టరులో "మూసి ఉంది" అని రాసి, సంతకం చేసి,
ఆరో రోజు తెల్లవారుజామున ఓడెక్కాను.
వెళ్లే గంట ముందు నీళ్లు తాగమన్నారు,
ఆత్రానికి ఓడలోనే మొదలెట్టాను.
మరుగుదొడ్డి తలుపు నాకు కనబడకుండా
అహ్తో అడ్డంగా కూర్చున్నాడు పాపం.

కిటికీ బయట మంచు పలకలు పలకలుగా విడిపోతోంది.
ఏదీ పది సెంటీమీటర్లుండదు, కంటితోనే చెప్పగలను.
ఒకదాని మీద చిన్న పక్షి నిలబడి ఉంది,
ఒంటికాలి మీద.
దానికి ఆ మందం చాలు.