కరెంటు పోయినట్టు

రోహిణి కార్తె ఆఖరి పొద్దు.
మధ్య మానేరు నీళ్ల మీద
బాపును మొదటిసారి పడవ ఎక్కించిన.
ఫైబర్ పడవ, ఇరవై రెండు అడుగులు.
హైదరాబాదుల ఎవరో వాడి విసిగి అమ్మితే
డీసీఎంల కట్టుకొని తెచ్చుకున్న.
పెద్ద తెరచాప పై చెంప చినిగితే
బాపే అతుకు వేసిండు,
సాంచాల నడుమ ముప్పయ్యొక్క ఏండ్లు నిలబడ్డ మనిషి.

మూడు దాటినంక సిరిసిల్ల దిక్కు నల్లబడ్డది.
ముందు నీళ్ల రంగు మారింది,
ఆ వెనక గాలి.
ఒడ్డుకు ఉరుకుదామంటే ఒడ్డుతోనే భయం:
అక్కడ నీళ్ల కింద మునిగిన ఊరి గోడలున్నయి,
స్తంభాల మొండేలున్నయి.
బాపు ఏదో అరిచిండు.
ఆయన ఎప్పుడూ అరిచే మాట్లాడతడు,
సాంచాల నడుమ మాట అట్లనే బతుకుతది.

ఇది పాతకాలపు కట్టె పడవ కాదు.
వాటికి అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు వెన్నెముక,
ఆగుమంటే బర్రె లెక్క ఆగుతయట.
దీనికి కింద ఒక్కటే సన్నని రెక్క.
దూడ. మూతి ఒక్క తీరుగ ఉంచదు.
చిన్న గాలిల ఎనిమిది సార్లు ఆపి చూసిన.
ఇంత గాలిల ఒక్కసారి కూడా లేదు.

పెద్ద చాపను కింది నుంచి మడిచి పొట్టి చేసిన.
మూతిని గాలికి ఎదురు తిప్పి ఆవలికి దాటించిన,
ముందు చాప తాడు మాత్రం విప్పలేదు.
అది తప్పు దిక్కుకు ఉబ్బింది,
తిరగేసి తొడిగిన అంగీ లెక్క.
పెద్ద చాపను వదులు చేసి
చుక్కాని కర్రను గాలి పోయే వైపు నెట్టి కట్టేసిన.
మూతిని చాప పక్కకు నెడతది,
చుక్కాని మళ్లీ గాలికే తిప్పుతది.
ఇద్దరిల ఎవరూ గెలవొద్దు.

మొదలు కుదరలేదు.
మూతి పడిపోయింది, అల ఒకటి వచ్చి ఇద్దర్ని నిలువునా తడిపింది.
పెద్ద చాప తాడు జానెడు గుంజిన.
ఇంకో నాలుగు వేళ్లు.

అప్పుడు ఆగింది.

గాలి ఆగలేదు, పైన తీగల మీద ఈల వేస్తనే ఉన్నది,
అయినా పడవల ఏదో బందయింది.
బాపు చెవి మీద చెయ్యి పెట్టి, తీసి,
మెల్లగ అన్నడు,
ఆయన మెల్లగ అనంగ నేనెన్నడూ వినలేదు,
"కరెంటు పోయినట్టున్నది బిడ్డా."

వాడకట్టు సాంచాలన్నీ ఒక్కసారే ఆగేవి.
నాడెలు ఎక్కడివక్కడ.
మొగోళ్లు వాకిట్లకొచ్చి బీడీ ముట్టించి
అప్పుడే గుర్తుకొచ్చినట్టు
మమ్ముల పేరు పెట్టి పిలిచేటోళ్లు.

గాలొచ్చే వైపు నీళ్ల మీద నున్నటి చార పరుచుకున్నది,
మేం జారిన జాడ.
అలలు అందాక వచ్చి మెత్తబడి పోతున్నయి.
"ఆగినమా?"
"లేదు బాపూ, జారుతున్నం. పక్కకు,
మనిషి నడిచినంత కూడా కాదు.
వెనక ఇంకా నీళ్లున్నయి."

సంచిల సర్వపిండి ఉంటే విరిచి పెట్టిన.
నములుకుంట ఆయన అలను చూడలేదు, మబ్బును చూడలేదు,
తల పైకెత్తి తన అతుకునే చూసుకుంట కూసున్నడు.
"పేక జరగలేదు," అన్నడు.

నలభై నిమిషాలకు చినుకులు పడ్డయి.
ముందు చాప తాడు విప్పిన.
పడవ ఉలిక్కిపడి కదిలింది.
బాపు మళ్లీ అరిచి మాట్లాడుడు మొదలువెట్టిండు.