గంటసేపు టీ వద్దు

రాయి చెక్కే చేతులివి.
తబాకా గనుల మెత్తరాయిని
నీటిగుర్రాలుగా, జిరాఫీలుగా అరగదీసి
ఎవరైనా కొనుక్కుపోతే బతికేవాణ్ణి.
గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లపొడి.
మొన్న ఆస్పత్రిలో నర్సు బొచాబెరి
నీ వేలికొసన సూది గుచ్చినప్పుడు
వచ్చిన బొట్టు కూడా
వెలిసిపోయినట్టే కనిపించింది నాకు.

"పదకొండుండాలి. ఎనిమిదే ఉంది" అంది.
ఎనిమిది నెలల పిల్లకి
ఎనిమిది చాలదా అనుకున్నాను.
నవ్వకు గెసారె,
మీ నాన్నకి లెక్కలు రాళ్ళతోనే వచ్చు.

మందుచీటీ వెనక ఆమె బొమ్మలు గీసింది:
ఆకు, గింజ, నిమ్మకాయ.
చివర్లో ఒక కప్పు గీసి
అడ్డంగా కొట్టేసింది.
దాని సంగతి తర్వాత.

రాత్రే నానేశాను ఎర్ర చిక్కుడుగింజలు.
తెల్లారేసరికి ఉబ్బి, తోలు ముడతపడి
స్నానం ఎక్కువైన నీ వేళ్ళలా ఉన్నాయి.
ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి
బొగ్గుల కుంపటి మీద పెట్టి
కంచె వారకి వెళ్ళాను.

ఐదువేళ్ళ చిన్సాగా,
పట్టుకుంటే జిగట, ముక్కు పట్టేసే ఘాటు.
పక్కనే రినాగు. కాయపట్టినది వదిలి
లేత చివుళ్ళే తుంచాను.
చేదు చావడానికి మా అమ్మ పాలు పోసేది.
నేను ఒక పొంగు రానిచ్చి వార్చేశాను.
తీపికి గుమ్మడిముక్క, పులుపుకి టమాటా.
ఉప్పు అలవాటుగా చేతిలోకి వచ్చింది,
మళ్ళీ డబ్బాలోకి పోయింది.

ఇక నాకు తెలిసిన పని.
రాయికైతే ముందు ముతక గరుకుకాగితం,
తర్వాత సన్నం, ఆఖర్న నీళ్ళతో తడిపి.
ఇదీ అంతే:
కర్రగరిటెతో మెదిపాను, జల్లెడలో నూరాను,
నాలుక మీద వేసుకుంటే
ఒక్క గింజతోలు తగిలింది.
మళ్ళీ వడగట్టాను.
ఇంత నున్నగా ఏ జిరాఫీ మెడా రాలేదు నాకు.
దించి, గోరువెచ్చనయ్యాక నిమ్మకాయ పిండాను.

మొదటి చెంచా నా చొక్కా మీద.
ఏళ్ళ తర్వాత ఆ తెల్లపొడి మీద
ఒక పచ్చరంగు.
రెండోది నోట్లో పెట్టుకుని
కనుబొమలు ముడిచి చాలాసేపు ఆలోచించావు,
ధర కుదరని బేరగాడిలా.
మూడోదానికి చెంచానే వదల్లేదు.

ఇప్పుడు ఆ కప్పు సంగతి.
ఈ కొండలన్నీ తేయాకే.
మీ అమ్మ న్యాంచామా బుట్ట నిండితేనే
మన సంచిలో పిండి.
ఇక్కడ పిల్ల కూచోవడం నేర్చిందంటే
టీలో అద్దిన రొట్టె పెడతారు.
నాకూ పెట్టారు. నీకూ పెట్టాం,
ముద్దుగా, తెలియక.
"ఆకులోని ఇనుమును టీ పట్టేసుకుంటుంది,
ముందో గంట, వెనకో గంట ఆగండి" అంది బొచాబెరి.
తేయాకు మీద కోపం రాలేదు.
అప్పిచ్చినవాడే గుమ్మంలో నిలబడి
వడ్డీ మినహాయించుకున్నట్టనిపించింది.

మీ నానమ్మ ఒప్పుకోలేదు.
"ఏడుగుర్ని టీతోనే పెంచాను" అంది.
నేనేమీ అనలేదు, గిన్నె కడుగుతున్నాను.
కాసేపటికి ఆమే
చేతిలో కప్పు కింద పెట్టి,
"తొమ్మిదిమందిని కన్నాను" అంది.
ఆ పూట ఆ కప్పు అలాగే చల్లారింది.

సాయంత్రం మీ అమ్మ వచ్చింది.
వేళ్ళ కొసలు ఆకుపసరుకి నల్లబడి,
ఒళ్ళంతా పచ్చి తేయాకు వాసన.
నువ్వు చేతులు చాచావు,
ఆ నల్లటి వేలు అందుకుని
చీకడానికి నోరు తెరిచావు.
నేను గోడ గడియారం వైపు చూశాను.
"గంట కాలేదు" అన్నాను.
న్యాంచామా పకపకా నవ్వి
చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.
నువ్వు మాత్రం ఊరంతా వినబడేలా
ఏడుపు లంకించుకున్నావు,
గడ్డం మీద ఇంకా ఆరని
ఆ పచ్చని చారతో.