పద్దెనిమిది గేర్లు

రిగ్గు ఎత్తేసి వెళ్ళిపోయినప్పుడు
క్యాంపు సామాను వేలం వేశారు తాటిపాకలో.
ఇనప మంచాలకీ కూలర్లకీ పోటీ పడ్డారు గానీ
మిగిలిన గుట్టని ఎవరూ అడగలేదు.
సిలార్ సాయిబు పాతినుము కొట్లో
ఆ గుట్ట అడుగున, రొయ్యల చెరువు ఏరేటర్ రెక్కల కింద,
ఇన్నేళ్ళూ ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకుంది ఈ సైకిలు.

"కొండలెక్కేదంటండి. ఇక్కడ కొండేదండి?
కిలో ముప్పై రెండు చొప్పున పట్టుకెళ్ళిపోండి."
కాటా మీద పదిహేను కిలోలు తూగింది
తుప్పుతో కలిపి.
తుప్పుకి కూడా డబ్బులిచ్చాను.

మోటార్లకి తీగ చుట్టే కొట్టు నాది.
రాగి మాట వింటుంది. ఇనుము వినదు.
సీటు గొట్టం ఫ్రేములోంచి కదల్లేదు.
అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి
రోజుకింత, రోజుకింత
ఎవరికీ చెప్పకుండా అతికేసింది దాన్ని.
కిరసనాయిలు పోశాను. కొబ్బరినూనె కాచి పోశాను.
తిట్టాను.
పదకొండో రాత్రి కరెంటు పోయినప్పుడు
చీకట్లో ఊరికే చెయ్యేసి తిప్పితే
నిద్దట్లో ఎవరో పళ్ళు కొరికినట్టు
చిన్న చప్పుడు.
వదిలింది.

గరుకు కాగితం పట్టి రుద్దితే
పైన క్యాంపు ఆకుపచ్చ, దాని కింద పసుపు,
పసుపు కింద సగం చెరిగిన కొండ బొమ్మ,
మూడు గీతలు.
పెడళ్ళ ఇరుసు అడుగున మేకుతో గీసిన అంకె: 87.
ఎవరి చెయ్యో.
అక్కడ మాత్రం రంగు వెయ్యలేదు.

హేండిలు గిన్నెలో బాల్సు లెక్క పెడితే ఒకటి తక్కువ.
సాయంత్రం దాకా గచ్చంతా చేత్తో తడిమాను.
నేలపూడి వారమ్మాయి సువార్త,
చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేసే పిల్ల,
స్కూటీ ఆపి, పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి
గచ్చు పగుల్లోకి దింపింది, గేలం వేసినట్టు.
టిక్కుమంది.

"ముందు మూడు, వెనక ఆరు. పద్దెనిమిది గేర్లెందుకండీ మనకి?"
నిజమే. మాకున్న ఎత్తల్లా లాకు వంతెన.
అప్పుడే చూశాను: పెద్ద చక్రం పళ్ళు అరిగి
సొర రెక్కల్లా ఒక పక్కకి వాలిపోయాయి.
నడిమిదీ అంతే.
అన్నిటికన్నా చిన్నది మాత్రం
నిన్న పోత పోసినంత కొత్తగా ఉంది.
ఆ దేశంకాని దేశం మనిషి కూడా
ఇక్కడ కొండ వెతుక్కుని, దొరక్క, వెళ్ళిపోయాడన్నమాట.

సువార్త సంచిలోంచి సీసా తీసింది.
చెరువు అడుగు ఒండ్రు, ఎండబెట్టింది.
అరచేతిలో పోసి దీపం కిందికి తిప్పితే
తళుక్కుమని రవ్వలు.
"రాయేనండి ఇది. ఏ కొండదో మరి."

మొదటిసారి తొక్కింది ఆషాఢం చివర్లో.
కాలవగట్టు మీద లావు టైర్లు
బురదని ముద్దలు ముద్దలుగా నా వీపుకి విసిరాయి.
గన్నవరం అక్విడక్టు దాటాను,
పైన కాలవ, కింద ఏరు,
మధ్యలో యాభై నాలుగేళ్ళ నేను.
దాటాక కుడివైపు ఏటిగట్టు,
గేదెలు దిగే అడ్డబాట,
నిటారుగా ఇరవై అడుగులు.

బొటనవేలితో మీట నొక్కాను.
గొలుసు తడబడింది, వెతుక్కుంది,
చిన్న చక్రం మీదికి జారి కూర్చుంది.
ఎప్పుడూ ఏదీ కొరకని పళ్ళు అవి.
కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, బండి మాత్రం
తాబేలులా, సిగ్గు లేకుండా,
ఎక్కుతోంది.

పైన కాలు మోపి ఊపిరి తీసుకున్నాను.
వైనతేయలోకి ఎర్రనీరు దిగింది రాత్రి.
ఎక్కడెక్కడి కొండలో
కరిగి, కలిసి, నా కళ్ళ ముందునుంచే
సముద్రానికి పోతున్నాయి.

దిగేటప్పుడు బాటకడ్డంగా గేదెలు.
ఈ సైకిలుకి గంట లేదు.
ట్రింగ్ ట్రింగ్ అని నోటితోనే కొట్టాను.
ఒక్కటీ తప్పుకోలేదు.