నాలుగు బతికే ఉన్నాయి

సియెన్‌ఫ్యూగోస్‌లో మా మేడకి
కొత్త వస్తువు వచ్చి పదకొండేళ్ళు.
పాతది పోదామన్నా
మెట్ల కింద నా బల్ల అడ్డం.

పేరు ఓస్దాల్గియా. పని, విప్పడం.
బిగించడం తరవాతి సంగతి.

పొద్దున్నే నెరేయిదా
ఫ్యాన్‌ని చంటిపిల్లలా చంకనేసుకుని దిగింది.
"రాత్రంతా నడుస్తోందే" అంది.
తిరుగుతోంది అనబోయి తడబడిందనుకున్నాను.
కాదు, నడుస్తోందట.
కిటికీ దగ్గర పెడితే
తెల్లారేసరికి మంచం పక్కన నిలబడి
మొహంలో మొహం పెట్టి చూస్తోందట.

దాని మోటారు నాకు తెలుసు.
సోవియట్ వాషింగ్ మిషన్‌లోది,
నేను బడికెళ్ళే రోజుల్లో ఓడ దిగింది.
తడి దుప్పట్లు పిండిన చెయ్యి,
గాలినీ అలాగే పిండుతుంది.
ఒక్కటే వేగం.
నెమ్మది అనే మీట
చేసినవాళ్ళకి తోచలేదు.

ఆ మిషన్ కన్నుమూసిన రోజు
అన్నదమ్ముల పంపకంలా జరిగింది మెట్ల మీద.
టబ్బు మూడో అంతస్తు ఎవెలియోకి,
ఇప్పుడందులో ఉల్లికాడలు.
గంట కొట్టే టైమరు రొట్టెల కొట్టుకి.
మూత ఎవరి కోళ్ళో నీళ్ళు తాగడానికి.
మోటారు కోసం ముగ్గురు కొట్టుకోబోయి
డొమినో ఆడి తేల్చుకున్నారు.
గెలిచింది నెరేయిదా.
ఎవెలియో ఇవాళ్టికీ ఒప్పుకోడు.

నేనే రెక్కలు కత్తిరించాను నూనె డబ్బా రేకుతో.
కాళ్ళకి డయల్ తిప్పే నల్ల టెలిఫోన్ పెట్టాను,
బరువుంటుందని.
చాల్లేదన్నమాట.
దాని కడుపు తెరిచి
చచ్చిన రేడియో ట్రాన్స్‌ఫార్మర్ కుక్కి మూసేశాను.
"మరి మోగితే?" అంది నెరేయిదా.
"ఎత్తకు."

మధ్యాహ్నం పాలీక్లినిక్ నుంచి లాప్‌టాప్ ఒకటి వచ్చింది.
తెర సాలెగూడు.
ఎన్యే అక్షరం మీట ఊడిపోయింది.
మా భాషలో పిల్లవాడు అని రాయాలంటే
ఆ అక్షరం ఉండాలి.
ఎన్నేళ్ళయిందో
ఆ దవాఖానాలో ఒక్క పిల్లవాడూ
తప్పులేకుండా పుట్టి!

బ్యాటరీ పెట్టె చీల్చితే
సుద్దముక్కల్లా ఆరు.
ఒక్కొక్కదానికీ మీటరు ఆనించాను.
మొదటిది, ఏమీ లేదు.
రెండోది కొంచెం మూలిగింది.
మూడోది నిక్షేపంలా ఉంది,
ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ చావుని
తనమీద వేసుకుని పడుకుంది.
ఐదోది పోయింది.
మొత్తం మీద నాలుగు బతికే ఉన్నాయి.
పోయిన రెంటినీ ఇసక డబ్బాలో పెట్టాను,
మనవడికి అందనంత ఎత్తులో.

నేను ఏదీ కాల్చను.
ఒకే ఒక్కసారి కాల్చాను, రాగి కోసం, తీగల చుట్ట.
ఆ వాసన వారం రోజులు జుట్టులో ఉంది.
అన్నం ముద్దలో ఉంది.
అప్పట్నించీ చాకుతో గీస్తాను,
చిలగడదుంప తొక్క తీసినట్టు.
వేళ్ళు చూడండి, నమ్మకపోతే.

రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది.
పోవడం వార్త కాదు. వేడి, దోమలు,
వీధి నిండా తిట్లు, తరవాత నవ్వులు.
గుమ్మం ముందు డొమినో బల్ల వేశారు.
చీకట్లో చుక్కల్ని వేళ్ళతో తడిమి ఆడుతున్నారు
గుడ్డివాళ్ళు ఉత్తరం చదివినట్టు.

ఆ నాలుగిటినీ వరసగా కలిపాను.
పగిలిన టీవీ వెనక నుంచి ఊడదీసిన దీపాల పట్టీని
చీపురు కర్రకి కట్టి
రెండు తీగలు ముట్టించాను.

ముందు పాచికలు తెల్లబడ్డాయి,
తరవాత చేతులు.
ఆ తరవాత
ఎవెలియో ఒళ్ళో దాచుకున్న జంట ఆరు.

"కాస్త తగ్గించవే ఆ దీపం" అన్నాడు ముసలాడు.
దీనికీ నెమ్మది మీట లేదన్నాను.

పదకొండున్నరకి కరెంటు వచ్చింది.
వీధంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.
అప్పుడు మా నెత్తిమీద
నెరేయిదా ఖాళీ గదిలో
ఏదో బరువుగా, తీరిగ్గా
ఒక అడుగు వేసింది.

అందరం పైకి చూశాం.
నెరేయిదా నాకేసి చూసింది.